దగ్గరికెళ్తేనే దొరికే ఊరు

సింగరేణి బొగ్గు ఊరైన గోలేటిని ఫొటో తీయమంటే కొత్తగా వచ్చినవాళ్ల కెమెరా ముందు ఓబీ గుట్టల వైపే తిరుగుతుంది. బొగ్గు పొరను అందుకోవడానికి తవ్విపోసిన మట్టి కొండలుగా పేరుకుని, వాటిమీద డంపర్లు ఎక్కుతూ దిగుతూ ఉంటే ఎవరికైనా కన్ను నిలుస్తుంది. బొమ్మలూ బాగానే వస్తాయి. కానీ వాటిని మణుగూరువన్నా, రామగుండంవన్నా కాదనేవాళ్లుండరు. గోలేటి గోలేటిగా కనిపించాలంటే క్వార్టర్ల మధ్య సందుల్లోకి, బతుకమ్మ పేర్చే వాకిళ్లలోకి, షిఫ్టు దిగినవాళ్లు ఆగే టీకొట్ల దగ్గరికి వెళ్లాలి. అలా మనుషుల మధ్య నిలబడి తీయడానికి బాగా కుదిరే పాతకాలపు కెమెరా ఒకటుంది. దాని పేరు రేంజ్‌ఫైండర్.

దీని ముందువైపు, లెన్స్‌కు పైన, రెండు చిన్న కిటికీలుంటాయి. ఒకటి ఎదుటి దృశ్యాన్ని నేరుగా చూపిస్తుంది. కొన్ని సెంటీమీటర్ల అవతలున్న రెండోదాన్నుంచి వచ్చే బొమ్మ లోపలి అద్దం మీదుగా మళ్లి, మొదటి బొమ్మ నడుమ చిన్న మచ్చగా పడుతుంది. ఫోకస్ కుదరనంతసేపూ ఆ మచ్చలో ఎదుటి మనిషి ముఖం రెండుగా కనిపిస్తుంది. లెన్స్ రింగు తిప్పుతుంటే రెండు బొమ్మలూ దగ్గరకు జరిగి ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. అప్పుడు ఫోకస్ కుదిరినట్టు. త్రిభుజం కట్టి దూరం లెక్కించే సర్వే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది కాబట్టి గని సర్వేలో చేయి తిరిగినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

జర్మనీలోని వెట్జ్‌లార్‌లో లైట్జ్ కంపెనీ ఇంజనీరు ఆస్కార్ బార్నాక్ తయారుచేసిన లైకా 1925లో మార్కెట్లోకి వచ్చింది. సినిమా ఫిల్మును వాడుకుంటూ, చేతిలో ఇమిడిపోయే కెమెరా అది. ఫోకస్ చూసే పరికరాన్ని లెన్స్‌తో ముడిపెట్టిన లైకా 2 వచ్చింది 1932లో. పోటీగా జైస్ వాళ్ల కాంటాక్స్ కూడా అదే ఏడాది దిగింది. రెండేళ్లకు సోవియట్ యూనియన్‌లోని ఖార్కివ్‌లో, అనాథ పిల్లల కమ్యూన్‌లో, లైకాను చూసి ఫెడ్ అనే కెమెరా చేయడం మొదలుపెట్టారు. 1954 నాటి లైకా ఎం3 ఫ్రేమునూ ఫోకస్‌నూ ఒకే కిటికీలో చూపించింది. 1966లో జపాన్ నుంచి వచ్చిన యాషికా ఎలక్ట్రో 35 ఈ పద్ధతిని మామూలు కుటుంబాల చేతుల్లో పెట్టింది. కొత్త లైకా ధర ఇవాళ లక్షల్లో ఉంటుంది. నేర్చుకోవాలనుకునేవాళ్లకు పాత యాషికాయే మేలు.

ఈ కెమెరాలో గొప్ప సుగుణం, ఫ్రేము బయట ఉన్నది కూడా కనిపించడం. కిటికీలో వెలుగు గీతల దీర్ఘచతురస్రం లోపలిదే ఫొటోలో పడుతుంది. దాని చుట్టూ ఉన్నదీ కంటికి తెలుస్తూనే ఉంటుంది. పక్కనుంచి సైకిల్ వస్తోందా, వెనక నుంచి పాప పరుగెత్తుకొస్తోందా ముందే చూసి ఆగవచ్చు. ఎస్ఎల్ఆర్‌లలో లాగా నొక్కిన క్షణంలో పైకి లేచే అద్దం లేదు కాబట్టి చప్పుడు తక్కువ. చూపుకు అడ్డు పడేదీ ఉండదు. అద్దం లేచే అదురు లేకపోవడంతో మసక వెలుగులో, నెమ్మది షట్టర్‌తోనూ చేత్తో పట్టుకునే తీయవచ్చు.

షిఫ్టు మారే వేళ ఫోకస్ చూసుకునే తీరిక ఉండదు. అందుకో ఉపాయముంది. 35 మిల్లీమీటర్ల లెన్స్‌ను ఎఫ్ 8 దగ్గర ఉంచి, దూరం 3 మీటర్లకు తిప్పి వదిలేస్తే, సుమారు 2 మీటర్ల నుంచి 7 మీటర్ల దాకా అన్నీ స్పష్టంగా పడతాయి. ఇక మనుషుల్నే చూస్తూ నొక్కడమే. హెల్మెట్ చంకన పెట్టుకుని నడిచే కార్మికుడూ, అతణ్ని పిలిచే దోస్తూ ఇద్దరూ ఫోకస్‌లోనే ఉంటారు.

లోపాలూ ఉన్నాయి. చాలా లెన్సులు 70 సెంటీమీటర్ల కంటే దగ్గరగా ఫోకస్ కావు. జూమ్ ఉండదు, దూరాన ఉన్న పిట్ట దీనికి అందదు. కిటికీ వేరు, లెన్స్ వేరు కాబట్టి మూత తీయకుండానే రోలంతా అయిపోయే ప్రమాదమూ ఉంది. వానాకాలం తేమకు లెన్సులో బూజు పడుతుంది. బొగ్గు ధూళి సరేసరి. సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని డబ్బా లేకపోతే మంచి లెన్స్ కూడా పాడవుతుంది.

కెమెరా ఏదైనా, ప్రయాణంలో తీసే ఫొటోకూ సొంతూళ్లో తీసే ఫొటోకూ తేడా ఏమిటో గోలేటి ఉన్న ఈ జిల్లాలోనే చూడవచ్చు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో హైదరాబాద్ రాజ్యంలో ఉండిపోయిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్, కొమురం భీం పోరాటం తర్వాత 1940లలో ఇక్కడి గోండుల మధ్యకు వచ్చారు. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో కాపురమున్నారు. ఇళ్లు, పొలాలు, పూజలు, దండారీ ఆటలు ఆయన ఫొటోలకెక్కాయి. అవి లండన్‌లోని సోయాస్ సంస్థలో భద్రంగా ఉన్నాయి. బాటసారిగా వచ్చిన మనిషి ఊళ్లో నిలిచిపోవడం వల్లే వాటికి ఆ విలువ వచ్చింది. వరంగల్‌కు చెందిన ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ మరో దారిలో ఇదే పని చేశారు. పాత గోడలు, తలుపులు, పండుగలు, పల్లె ఆడవాళ్లు ఆయన బొమ్మల్లో తెలంగాణ జ్ఞాపకమై నిలిచాయి. ఆయన 2022లో కన్నుమూశారు.

బొగ్గు ఊళ్లకు ఈ పని మరీ అవసరం. పొలమున్న చోట పొలం తరాలపాటు ఉంటుంది, గని ఉన్న చోట బొగ్గు ఉన్నన్నాళ్లే పని. సింగరేణిలో భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడి, వాటి బదులు ఓపెన్‌కాస్టులు పెరిగాయి. ఓపెన్‌కాస్ట్ వస్తే ఊళ్లే లేచిపోతాయి. బెల్లంపల్లి పేరుతో ఉన్న ఏరియా జనరల్ మేనేజర్ ఆఫీసు ఇవాళ గోలేటిలో ఉందంటే, గనుల వెంట ఊళ్ల ప్రాధాన్యం ఎలా జరుగుతుందో తెలుస్తుంది. ఇవాళ నిండుగా ఉన్న కాలనీ రేపు ఖాళీ కావచ్చు. ఆ మార్పును బయటివాళ్లెవరో వచ్చి తీస్తారని కూర్చోకూడదు. అక్కడ పెరిగిన పిల్లలే తీయాలి, ఏ గుమ్మంలో ఎవరుంటారో తెలిసింది వాళ్లకే.

గని లోపలికి మాత్రం అనుమతి లేకుండా కెమెరాతో పోకూడదు. భూగర్భంలో మీథేన్ వాయువు ఉండవచ్చు, బ్యాటరీ పరికరం నుంచి వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు ప్రాణం మీదకు రావడానికి. ఓపెన్‌కాస్టులో పేలుళ్లు, భారీ యంత్రాలు ఉంటాయి. తీయవలసింది గని బయటే బోలెడుంది. రెబ్బెన మండలంలోని గంగాపూర్ బాలాజీ జాతర, దీపావళికి గుస్సాడీ నృత్య బృందాలు, డిసెంబర్ 23న సింగరేణి డే, వారం అంగడి, రిటైరైన కార్మికులు కూర్చునే అరుగులు. ఎవరినైనా తీసేముందు "అన్నా, ఒక ఫొటో దియ్యనా?" అని అడగాలి. తర్వాత ప్రింటు తీసుకెళ్లి వాళ్లింట్లో ఇవ్వాలి. రెండోసారి ఆ ఇంటికి వెళ్లినప్పుడు పాత ఆల్బమ్ బయటికి వస్తుంది. అందులో మూతపడ్డ ఇంక్లైన్ గని ముందు నిలబడ్డ యువకుల గ్రూపు ఫొటో ఉంటే, ముఖాలు గుర్తుపట్టగలిగే పెద్దమనిషి ఉండగానే పక్కన కూర్చుని పేర్లు, ఏ గని, ఏ సంవత్సరం అన్నీ అడిగి, ప్రింటు వెనక మెత్తటి పెన్సిల్‌తో రాయాలి. పెన్నుతో రాస్తే ఇంకు ముందుకు దిగుతుంది.