ప్రార్థించేవారికి మన పిడికెడు బియ్యం

మన అనంతపురం సీమలో వానకోసం ఎదురుచూడని ఇల్లు లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నిలకడగా పడదు. వేరుశనగ విత్తినవారి చూపంతా ఆకాశం వైపే. 1969లో ఇక్కడికి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ గారు 2009లో కన్నుమూసేవరకు ఈ పేదల మధ్యనే సేవచేశారు. ఆ సేవ అందరి కంటికీ కనిపిస్తుంది. మరి నాలుగు గోడల మధ్య మౌనంగా ప్రార్థించే మఠకన్యలకు మనం ఎందుకు సాయపడాలి? వారు ఒక్క బావి అయినా తవ్వరు గదా! ఇలా అడిగేవారు మనలో ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే.

ఈ ప్రశ్న పాతదే. 1562 ఆగష్టు 24న స్పెయిన్ దేశపు ఆవిలా పట్టణంలో పునీత తెరేసమ్మగారు పునీత జోజప్పగారి పేరిట చిన్న కార్మెల్ మఠాన్ని స్థాపించారు. స్థిరమైన రాబడి లేకుండా దానాలతో, చేతిపనితో బ్రతకాలని ఆమె సంకల్పం. ఊరికి ఇది భారమని పట్టణ పెద్దలు ఎదురుతిరిగి వ్యాజ్యం వేశారు. అయినా మఠం నిలిచింది. మన దేశంలో 1748లోనే పుదుచ్చేరిలో కార్మెల్ మఠం వెలసింది.

తెరేసమ్మగారు ప్రార్థనను తోటకు నీరు పెట్టడంతో పోల్చారు. మొదట బావినుండి చేదతో తోడాలి. తరువాత చక్రపు యంత్రంతో. ఆపై కాలువ పారుతుంది. చివరకు దేవుడే వాన కురిపిస్తాడు. చేదతో తోడిన చేతులున్న మనకు ఈ మాట వివరించనక్కరలేదు. వాన మన చేతిలో లేదు, తోడడం మాత్రం మానరాదు.

నిర్గమకాండంలో యుద్ధం చేసింది యెహోషువ. కొండమీద చేతులెత్తి నిలిచింది మోషే. ఆ చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు పట్టి నిలబెట్టారు. మఠకన్యలు మనకోసం చేతులెత్తి ఉన్నారు. ఆ చేతులను పట్టుకోవడం మన వంతు. పదిహేనేళ్ళకే లిస్యూ మఠంలో చేరి, మరణించేవరకు దాని గడప దాటని చిన్న తెరేసమ్మగారిని శ్రీసభ 1927లో వేదప్రచారకులకు పాలక పునీతగా ప్రకటించింది గదా!

ఈ మఠకన్యలు సోమరులు కారు. చాలా మఠాలలో దివ్యబలిపూజకు అప్పాలు చేస్తారు, పూజావస్త్రాలు కుడతారు, తోట పెంచుతారు. అయినా వృద్ధ సోదరీమణుల మందులకు, వైద్యానికి ఆ రాబడి చాలదు.

మనమేం చేయగలం? మన విచారణకు కావలసిన అప్పాలను, వస్త్రాలను వారివద్దనే తీసుకుందాం. వెళ్ళేముందు ఉత్తరంతోనో ఫోనుతోనో వారి అవసరమేమిటో అడిగి తెలుసుకుందాం. బియ్యం, పప్పు, వేరుశనగ నూనె ఏ ఇంటివారైనా ఇవ్వగలరు. వంటకు ముందు పిడికెడు బియ్యం వేరుగా తీసిపెట్టే అలవాటు మన తల్లులకు ఉన్నదే. డబ్బు ఇచ్చేవారు రశీదు తీసుకోవడం ఉభయులకూ మంచిది. కరవు ఏట పిల్లల నోటి ముద్ద తీసి ఇవ్వమని ఎవరూ కోరరు. ఇవ్వలేనివారు వారికోసం జపమాల చెప్పినా అది గొప్ప సాయమే. ఇంట్లో ఆడబిడ్డ ఈ పిలుపు విన్నానంటే వెంటనే కాదనకుండా, ఆమె మాట ఓపికగా విందాం.

నవంబరు 21న, మరియమాతను దేవాలయంలో సమర్పించిన పండుగనాడు, ధ్యానమఠాలను ప్రత్యేకంగా స్మరించే ఆచారాన్ని 12వ భక్తినాథ పోపుగారు 1953లో ఏర్పరచారు. ఈసారి ఆ దినాన మన కుటుంబ ప్రార్థనలో వారిని తలచుకుందాం. మన కష్టాలను చీటీమీద వ్రాసి వారికి పంపుదాం. మన పొలం, మన పిల్లలు, మన వాన వారి ప్రార్థనలో ఉంటాయి. వారి రేపటి భోజనం మన తలపులో ఉండాలి.