చర్మం కింద సన్నతీగ, కంచంలో కొత్త లెక్క

వేలికి సూది గుచ్చితే తెలిసేది ఆ నిమిషానికి ఒంట్లో ఉన్న షుగరు. హెచ్‌బీఏ1సీ పరీక్ష చెప్పేది సుమారు మూడు నెలల సగటు. పొద్దున ఇడ్లీ తిన్నాక షుగరు ఎంత పెరిగింది, ఎంతసేపటికి దిగింది అన్నది ఈ రెండింటికీ అందదు. టైప్ 2 మధుమేహంలో ఆహారం మార్చుకోవాలనుకునే మనిషికి కావలసింది సరిగ్గా ఆ సమాచారమే. దాన్ని చేతికందించిన పరికరం నిరంతర గ్లూకోజు మానిటర్, డాక్టర్ల మాటల్లో సీజీఎం.

దీని బీజం ఆపరేషన్ థియేటర్ అవసరాల్లో పడింది. రక్తంలో ఆక్సిజన్‌ను కొలిచే ఎలక్ట్రోడ్‌ను తయారుచేసిన అమెరికా శాస్త్రవేత్త లీలాండ్ క్లార్క్, చాంప్ లయన్స్‌తో కలిసి 1962లో ఒక ఉపాయం ప్రకటించారు. ఎలక్ట్రోడ్ మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును పలుచని పొరల మధ్య నిలిపితే, అది గ్లూకోజును మారుస్తూ ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. ఆక్సిజన్ ఎంత తగ్గిందో చూస్తే గ్లూకోజు ఎంత ఉందో తేలుతుంది. గుండె ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ కొలుస్తూ ఉండాలన్నదే వారి ఆలోచన. 1967లో అప్‌డైక్, హిక్స్ అనే శాస్త్రవేత్తలు ఆ ఎంజైమును జెల్‌లో బంధించి పనిచేయించి చూపారు.

బల్ల మీద పనిచేసింది ఒంట్లో అంత తేలిగ్గా పనిచేయలేదు. చర్మం కింద గ్లూకోజుతో పోలిస్తే ఆక్సిజన్ చాలా తక్కువ. పైగా బయటి వస్తువు లోపలికి వస్తే శరీరం ఊరుకోదు. 1982లో జపాన్‌లో షిచిరి బృందం సూదిలాంటి సెన్సర్‌తో దారి చూపింది. టెక్సాస్‌లో ఆడం హెల్లర్ ఆస్మియం అనే లోహం ఉన్న పాలిమర్‌తో ఎంజైము నుంచి ఎలక్ట్రాన్లు నేరుగా ఎలక్ట్రోడ్‌కు చేరేలా చేసి, ఆక్సిజన్ మీద ఆధారపడే పని తప్పించారు.

1999లో అమెరికాలో అనుమతి పొందిన మినీమెడ్ సెన్సర్ మూడు రోజులు కొలిచేది. అంకెలు మాత్రం తర్వాత డాక్టరు చూడాల్సిందే, పెట్టుకున్నవారికి కనిపించేవి కావు. 2014లో ఐరోపాలో వచ్చిన ఫ్రీస్టైల్ లిబ్రే ఆ పరిస్థితిని మార్చింది. జబ్బకు అతికించుకుంటే 14 రోజులు పనిచేస్తుంది, సరిచూడటానికి వేలికి సూది అక్కర్లేదు. దాని సన్నతీగ కొలిచేది రక్తాన్ని కాదు, కణాల మధ్య ద్రవాన్ని. అందుకే అంకె రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది.

తిండి గురించి పెద్ద సంగతి 2015లో బయటపడింది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో ఎరాన్ సెగల్, ఎరాన్ ఎలినావ్ బృందం మధుమేహం లేని 800 మందికి సెన్సర్లు పెట్టి, దాదాపు 47,000 భోజనాలను గమనించింది. ఒకే పదార్థం ఒకరిలో షుగరును ఎగదోస్తే మరొకరిలో పెద్దగా కదిలించలేదు. అందరికీ ఒకే డైట్ చార్టు రాసిచ్చే అలవాటును ప్రశ్నించిన ఫలితం ఇది.

మూడు పూటలా బియ్యమే ఆధారమైన తెలుగు ఇళ్లలో దీని విలువ చాలా ఎక్కువ. అన్నం పూర్తిగా మానేయమంటే ఎవరూ ఎక్కువ రోజులు నిలబడలేరు. ఎంత అన్నం, దేనితో, ఏ వరుసలో తింటే తన ఒంటికి సరిపోతుందో చూసుకోవచ్చు. కార్నెల్ వైద్య కళాశాలలో టైప్ 2 ఉన్న 11 మందితో చేసిన 2015 నాటి చిన్న అధ్యయనంలో, కూరగాయలు, మాంసం ముందు తిని పిండిపదార్థాలు చివర్లో తిన్నప్పుడు గంట తర్వాతి షుగరు 37 శాతం తక్కువగా ఉంది. మన కంచంలోనూ కూర, పప్పు ముందు తిని అన్నం తర్వాత తిని చూడవచ్చు. ఇడ్లీ బదులు పెసరట్టు, భోజనం తర్వాత పది నిమిషాల నడక కూడా ఇలాగే పరీక్షించుకోవచ్చు.

అయితే పద్ధతి ముఖ్యం. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి, తిన్నది, తిన్న వేళ రాసుకోవాలి, అదే భోజనాన్ని మరో రెండు రోజులు తిని చూడాలి. నిద్ర, ఆందోళన, ముందు పూట తిండి కూడా సెన్సరు చూపే షుగరు గ్రాఫును కదిలిస్తాయి. సెన్సరు ఉన్న చేయి మీద ఒత్తిగిలి పడుకుంటే షుగరు పడిపోయినట్టు తప్పుగా చూపవచ్చు. ఒక్క శిఖరాన్ని చూసి ఒక పదార్థాన్ని నిషేధించడం తొందరపాటు. గ్రాఫు చదునుగా ఉందని వేపుళ్లు, నెయ్యి పెంచుకుంటే గుండెకు చేటు. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటి మందులు వాడేవారు డాక్టరుకు చెప్పకుండా అన్నం తగ్గిస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోగలదు.

2019 అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం, మధుమేహం ఉన్న చాలామందికి రోజులో 70 శాతానికి పైగా సమయం గ్లూకోజు డెసిలీటరుకు 70 నుంచి 180 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. అంటే సుమారు 17 గంటలు. ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది. వీరందరూ ఏడాది పొడవునా సెన్సరు కొనలేరు, కొనాల్సిన అవసరమూ లేదు. వ్యాధి బయటపడ్డప్పుడో, మందు మార్చినప్పుడో రెండు వారాలు పెట్టి, ఆ గ్రాఫును డాక్టరు, రోగి, ఇంట్లో వంట చేసేవారు కలిసి కూర్చుని చదివితే చాలా మేలు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ సెన్సర్లను కొన్నయినా ఉంచి వంతులవారీగా ఇస్తే, ఆ మేలు కొనలేనివారి ఇళ్లకూ చేరుతుంది.