పల్లెకు డాక్టరు రావాలంటే ఖజానా కదలాలి

డాక్టరు చదువుకు డబ్బెవరు పెట్టాలి? ఇదేదో మంత్రులూ అధికారులూ కాలేజీ యజమానులూ తేల్చుకునే సంగతి, మనకెందుకులే అని వ్యవసాయ కూలీలు అనుకోరాదు. చదువుకు డబ్బు ఎవరు పెడితే డాక్టరు వాళ్ల వైపే నడుస్తాడు. యాభై లక్షలు పోసి చదివినవాడు ఆ యాభై లక్షలు తిరిగొచ్చే చోటే బోర్డు కడతాడు గాని, నాగాయలంకలోనో కోడూరులోనో కట్టడు. ఇందులో అతని మంచీ చెడ్డా లేదు. లెక్క అలాంటిది.

మన ప్రాంతం అనుభవమే చూద్దాం. బెజవాడ సిద్ధార్థ మెడికల్ కాలేజీ 1980లో ప్రైవేటు సంస్థగా మొదలై, తర్వాత ప్రభుత్వ కాలేజీ అయింది. 1983లో కాపిటేషన్ ఫీజుల్ని నిషేధిస్తూ రాష్ట్రంలో చట్టం వచ్చింది. 1986లో ఆరోగ్య విశ్వవిద్యాలయం బెజవాడలోనే పెట్టారు. సీటు అమ్ముకోవడం నేరమన్న మాట ఆనాడు ప్రభుత్వం నోటి వెంటే వచ్చింది.

నలభై ఏళ్లు తిరిగేసరికి అదే ప్రభుత్వం సీట్లకు ధర కట్టింది. 2023లో బందరుతో సహా 5 చోట్ల కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీలు తెరిచారు. ఒక్కోదానికి 150 సీట్లు. సంతోషమే. కాని 107, 108 జీవోలతో ఏం చేశారు? అఖిల భారత కోటా 15 శాతం పోగా మిగిలిన సీట్లలో సగమే మామూలు ఫీజుకు వుంచారు. 35 శాతం సీట్లకు ఏడాదికి 12 లక్షలు, 15 శాతం ఎన్నారై సీట్లకు 20 లక్షలు అన్నారు.

ఈ 12 లక్షలను మన లెక్కలోకి మార్చి చూడండి. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 300 రూపాయలు. ఏడాదికి వంద రోజులూ పని దొరికిందనుకున్నా 30 వేలు. అంటే ఒక కూలి మనిషి తిండీ బట్టా మానేసి 40 ఏళ్లు మట్టి తవ్వితే బిడ్డకు వొక్క ఏడాది ఫీజు! చదువేమో నాలుగున్నరేళ్లు. కాలేజీకి బోర్డు ప్రభుత్వానిదైతేనేం, సగం తలుపు మనకు మూసేసినట్టే గదా.

ఈ జీవోల్ని రద్దు చేస్తామని 2024 ఎన్నికలకు ముందు ప్రతిపక్షం వాగ్దానం చేసింది. వాళ్లే గెలిచారు. గెలిచాక 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఇంకో అడుగు ముందుకు వేసి, 10 కొత్త కాలేజీలను పీపీపీ పద్ధతిలో ప్రైవేటువారి చేత కట్టించి నడిపించాలని నిర్ణయించింది. ఆ పదిలో మన డెల్టాలోని బాపట్ల కూడా వుంది. ఖజానాలో డబ్బు లేదు, ఇలాగైతే తొందరగా పూర్తవుతాయన్నది ప్రభుత్వం వాదన. తొందరగా పూర్తయ్యేది భవనమే. అందులోంచి బయటకొచ్చే డాక్టరు ఎక్కడికి పోతాడన్నదే మన ప్రశ్న.

డాక్టరు ఊరికి దగ్గరలో ఎందుకు వుండాలో దివిసీమ వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2018 ఆగస్టులో అక్కడ పొలాల్లో పాముకాట్లు విపరీతంగా పెరిగాయి. అప్పుడు మోపిదేవి గుడిలో సర్పయాగం చేయించారు. నాగుపామో కట్లపామో కరిస్తే ఊపిరి తీసే కండరాలు పడిపోతాయి. గంటల్లో ప్రాణం పోతుంది. విరుగుడు మందు వెంటనే ఎక్కించాలి. ఆ మందు కొందరికి పడక వొళ్లంతా దద్దుర్లు, ఆయాసం వస్తాయి, బీపీ పడిపోతుంది. దాన్ని సంబాళించడం చేత్తో నేర్చుకోని కుర్ర డాక్టరు భయపడి, "బెజవాడ తీసుకుపోండి" అని చీటీ రాస్తాడు. అవనిగడ్డ నుంచి బెజవాడ 60 కిలోమీటర్ల పైమాట. కాబట్టి మందు సీసా వొక్కటే చాలదు, దాన్ని వాడే ధైర్యం పల్లె ఆస్పత్రిలో నేర్పాలి. శిక్షణకు డబ్బు పెట్టమని మనం అడిగేది ఇందుకే.

ఇది కొత్త కోరిక కాదు. 1946లో భోర్ కమిటీ నివేదిక వచ్చేనాటికి దేశంలోని డాక్టర్లలో ఎక్కువమంది తక్కువ కాలం చదివిన లైసెన్షియేట్లే. పాతవాళ్లు ఎల్.ఎం.పి. డాక్టరు అనేది వాళ్లనే. ఆ చదువు తీసేసి అందరికీ ఒకే డిగ్రీ అన్నారు. పల్లె మనిషికీ పూర్తి డాక్టరే కావాలన్నది న్యాయమైన మాటే. అయితే ఆ పూర్తి డాక్టర్ని పల్లెలో నిలబెట్టే ఖర్చు మాత్రం ఏలినవారు పెట్టలేదు. ఆ ఖాళీలోకే ఊరి ఆర్ఎంపీ వచ్చాడు. అర్ధరాత్రి పిలిస్తే పలికేది ఆయనే గనక జనం ఆయన దగ్గరికే పోతారు. తప్పు జనానిది కాదు.

డబ్బు పెట్టిన దేశాలు ఫలితం చూశాయి. జపానులో 1972లో రాష్ట్రాల వంటి ప్రిఫెక్చర్లన్నీ కలిసి జిచి అనే వైద్య విశ్వవిద్యాలయం పెట్టాయి. ప్రతి ప్రిఫెక్చరు తన పిల్లల్ని ఇద్దరు ముగ్గుర్ని ఏటా పంపుతుంది. ఆరేళ్ల చదువు ఖర్చు భరిస్తుంది. బదులుగా వాళ్లు తొమ్మిదేళ్లు సొంత ప్రాంతంలో, మారుమూలల్లో సహా, పనిచేయాలి. థాయిలాండు కూడా 1990ల నడుమ నుంచి పల్లె పిల్లల్ని ఎంచి, జిల్లా ప్రాంతాల ఆస్పత్రుల్లో శిక్షణ ఇచ్చి, సొంత జిల్లాలకే పంపుతోంది.

కొందరు పెద్దలు డాక్టర్లను తిట్టిపోస్తుంటారు. మనకది తగదు. పీహెచ్‌సీలో ఏళ్లతరబడి పనిచేసినవారికి పీజీ సీట్లలో వుండే ఇన్-సర్వీసు కోటాను ప్రభుత్వం 2024లో తగ్గించింది. ఆ డాక్టర్లు 2024లో, మళ్లీ 2025లో ఆందోళనకు దిగారు. పల్లెలో పనిచేయడానికి వున్న కాస్త ఆశనూ కోసేసి, పల్లెకు పోరేమని అడగడం ఏమి న్యాయం?

కనుక మన కోర్కెలు ఇవి:

1. ప్రభుత్వ కాలేజీల్లో అమ్మకపు సీట్లు రద్దు చేయాలి. బాపట్ల వంటి కొత్త కాలేజీలు ప్రభుత్వమే కట్టి నడపాలి.

2. కూలీల, పేద రైతుల పిల్లలకు పూర్తి ఖర్చుతో కొన్ని సీట్లు కేటాయించి, సొంత జిల్లా పల్లెల్లో పనిచేసే ఒప్పందం రాయించుకోవాలి.

3. శిక్షణలో కొంతభాగం అవనిగడ్డ వంటి ఊళ్ల ఆస్పత్రుల్లోనే జరగాలి. అక్కడ నేర్పే పెద్ద డాక్టర్లను, క్వార్టర్లను, మందులను సమకూర్చాలి.

4. ఇన్-సర్వీసు కోటాను పాత స్థాయికి తేవాలి.

వీటికి డబ్బెక్కడిది అంటారు. రోగమొచ్చిన కూలి మనిషి అప్పు చేసి బెజవాడ ప్రైవేటు ఆస్పత్రిలో కట్టేది డబ్బు కాదా? అది లెక్కల పుస్తకంలో కనిపించదు, అంతే. గ్రామసభ జరిగినప్పుడు రోడ్డు, రేషను గురించి అడిగినట్టే మా పీహెచ్‌సీ డాక్టరు ఎక్కడని కూడా అడగండి. జవాబు రాసివ్వమనండి.