ఉత్తరించు స్థలము

తెలుగు కథోలికుల వాడుకలో ‘ఉత్తరించు స్థలము’ అను చక్కని మాట కలదు. ఉత్తరణమనగా దాటుట. మోక్షమునకు ముందు ఆత్మ శుద్ధినొందు స్థితి యది. దాటువాడు తనకు తాను తోడ్పడలేడు. ఈ యొడ్డున నున్నవారే వానికై ప్రార్థింపవలెనని వారి విశ్వాసము. అందుకే నవంబరు 2వ తేదీకి విచారణలోని వారెల్లరు సమాధులకు సున్నము వేసి, పూలుంచి, క్రొవ్వొత్తులు వెలిగింతురు. గురువుగారు తీర్థము చల్లుదురు.

కానుక సమర్పించి, పూజలో తమవారి పేరు చెప్పించుకొనుట పరిపాటి. మరి పేరు చెప్పించుటకు వెనుక నెవరును మిగులని వాని మాట యేమి? యుద్ధభూమిలో కూలిన సిపాయికిని, దిక్కులేక పోయిన కూలివానికిని ఇది సమానమైన ప్రశ్నయే. 1915లో, మహాయుద్ధము నడుమ, పదునైదవ బెనెడిక్టు పోపు ఆ దినమున ప్రతి గురువును మూడు పూజలు చేయుటకు అనుమతించెను. అందొకటి మృతులందరి కొరకు. దానికి కానుక పుచ్చుకొనరాదు.