అంట్లు తోమాలా? కట్టాలా?

పండక్కి వచ్చిన కొత్తల్లుడితో అత్తగారు, "బాబూ, మామయ్యగారితో కడియం దాకా వెళ్ళి నాలుగు అంట్లు తీసుకురండి, పెరడు బోసిగా ఉంది" అన్నారట. ఆ అబ్బాయి పుట్టి పెరిగింది పట్నంలో, మూడో అంతస్తులో. "ఇంట్లో అంట్లు చాలకనా, పొరుగూరివి కూడా తెచ్చి తోమడం?" అని భార్య చెవిలో గొణిగాడట.

కథ నిజమో కాదో గాని, కడియపులంక నర్సరీల వాళ్ళు ఏడాది పొడుగునా అంట్లు కడుతూనే ఉంటారు, తోమరు. ఒక మామిడి కొమ్మను మరో మామిడి మొక్కకు అతికిస్తే అంటు. తిని వదిలేసిన కంచమూ అంటే. రెండూ అంటుకోవడంలోంచే పుట్టాయి.

పెరటి మాటల తీరే అంత. ఎరువంటే పాదులో వేసేది, పొరుగింట అడిగి తెచ్చుకున్నది కూడా. "ఎరువుల సొమ్ము బరువుల చేటు" అన్న సామెత రెండోదాని గురించి. యూరియా బస్తా అప్పు మీద తెచ్చుకున్న రైతుకు మాత్రం రెండూ ఒకటే.

ఊరు దాటితే మాట మారుతుంది. మనం ఆనపకాయ అంటే పక్క జిల్లాలో సొరకాయ అంటారు. గోంగూర తెలంగాణకు వెళ్ళి పుంటికూర అవుతుంది. బంగాళాదుంప ఒకచోట ఆలుగడ్డ, ఇంకోచోట ఉర్లగడ్డ. ఇలాంటి సేద్యపు మాటలను జిల్లా జిల్లాకూ ఏరి, భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటంగా అచ్చువేసింది. అంతటి పండితులు రైతు నోటి మాట కోసం గట్ల మీదికి వచ్చారంటే మన మాటకు విలువ ఉన్నట్టే గదా.

ఇక కలుపు మొక్కలకు పేర్లు పెట్టినవాడెవడో గాని మహా కొంటెవాడు. వయ్యారిభామ అని పిలుస్తాం. ముట్టుకుంటే ఒళ్ళంతా దురద, పుప్పొడి పీలిస్తే ఆయాసం. కాలువలో గుర్రపుడెక్క పరుచుకుంటుంది, గుర్రం మాత్రం కనబడదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క నీళ్ళకు అడ్డం పడితే చివరి భూముల వాళ్ళు ఎండిన మడులు చూసుకుంటూ కూర్చోవాలి. పొగాకు మల్లె కొప్పులో పెట్టుకునే మల్లె కాదు. పొగాకు వేళ్ళను పట్టుకుని సారమంతా పీల్చి బతుకుతుంది.

పురుగుల సంగతి మరీ విడ్డూరం. తెల్లదోమ మనల్ని కుట్టదు. కత్తెర పురుగు చేతిలో కత్తెర ఉండదు, అయినా 2018లో మన దేశంలో అడుగుపెట్టిన దగ్గర్నుంచి మొక్కజొన్న సుడులను నమిలేస్తూనే ఉంది. ఉల్లికోడు ఉల్లీ కాదు, కోడీ కాదు. వరి పిలకలో ఓ చిన్న ఈగ పిల్ల చేరితే ఆ పిలక ఉల్లికాడలా గొట్టమై పైకి వస్తుంది, వెన్ను మాత్రం రాదు. వరిలో తాటాకు తెగులని ఒకటుంది. పేరుకే తెగులు, చేసేది ఒంటినిండా ముళ్ళున్న పెంకుపురుగు. పేరు నమ్ముకుని తెగులు మందు కొట్టినవాడి డబ్బు గాలిలో కలిసినట్టే.

ఇందులో నేనూ తెలివితక్కువ పని చేశాను. పెరట్లో పాతిక మిరప మొక్కలుంటే ఆకులన్నీ ముడుచుకున్నాయి. కొట్టుకెళ్ళి "మిరపకు ముడతండీ" అన్నాను. ఏ ముడత అని ఆయన అడగలేదు, నాకూ చెప్పాలని తోచలేదు. ఇచ్చిన మందు రెండుసార్లు కొట్టినా ముడత విడలేదు. చివరికి పక్కింటి మామ్మగారు వచ్చి, ఒక ఆకు తుంచి తిరగేసి చూసి, "నీ మొహం! ఇది కింది ముడతరా" అన్నారు. ఆకు అంచులు దోనెలా పైకి లేస్తే పై ముడత, అది తామర పురుగు పని. దోనె బోర్లించినట్టు కిందికి వంగి, కాడ సాగితే కింది ముడత, అది నల్లి పని. పురుగుకు కొట్టే మందులు చాలావాటికి నల్లి లొంగదు. నీటిలో కరిగే గంధకం లీటరుకు మూడు గ్రాములు కలిపి కొడితే అప్పుడు మొక్కలు తేరుకున్నాయి. అంతకు ముందు పెట్టిన ఖర్చుతో ఆ ఏడాదికి సరిపడా మిరపకాయలు సంతలోనే కొనుక్కునేవాణ్ణి.

వీటన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఒకటుంది. మందు. జ్వరానికి వేసుకునేదీ మందే, పైరుకు కొట్టేదీ మందే, సాయంత్రం చాటుగా పుచ్చుకునేదీ మందే. ఒక్కోచోట ఎరువు బస్తాను కూడా మందు కట్ట అంటారు. మిగిలిన పురుగుమందును ఖాళీ సారా సీసాలో పోసి దూలం మీద పెట్టే అలవాటు కొన్ని ఇళ్ళలో ఇంకా ఉంది. చీకట్లో తడుముకున్నవాడికి, ఆడుకుంటున్న పసివాడికి ఆ సీసాలో ఏ మందుందో ఎవరు చెప్పాలి? కంపెనీ డబ్బా మీదైతే మూల మీద నిలబెట్టిన చదరంలో రంగు వేసి ఉంటుంది. ఎరుపైతే అన్నిటికన్నా ఘోరమైన విషం, తర్వాత వరసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉంది గదా అని అశ్రద్ధ చేయకూడదు. చదువు రానివాళ్ళకు కూడా తెలియాలని వేసిన గుర్తు అది. సీసాలోకి మార్చి పోస్తే గుర్తు డబ్బాతోనే పోతుంది.

మా వీధిలో ఒకాయన ఈమధ్య డబ్బాను డబ్బాగానే పశువులశాలలో ఓ చెక్కపెట్టెలో పెట్టి తాళం వేశాడు. పెట్టె మీద సున్నంతో పెద్ద పెద్ద అక్షరాలతో రాయించాడు: "ఇది ఆ మందు కాదు". ఆ తాళంచెవి మాత్రం వాళ్ళావిడ కొంగున ఉంది.