సన్నిపాత జ్వరము - పసిబిడ్డకు కడపట చేరిన టీకా

పెద్దలు సన్నిపాతమనియు, మూడు వారముల జ్వరమనియు పిలిచెడు టైఫాయిడు పేరు వినినంతనే గుండె ఝల్లుమనని తల్లి మన దేశమున అరుదు. ఇది తక్కిన జ్వరములవలె ఒక్కసారిగా మీదబడదు. మొదటి వారము మెట్లెక్కినట్లు దినదినము కొంచెము కొంచెముగా హెచ్చును. రెండవ వారమున రోగి మంచమునకంటుకొని పలవరించును. మూడవ వారమున, ఇక తగ్గుముఖము పట్టినదని ఇంటివారు ఊపిరి పీల్చుకొనునప్పుడే, పుండుపడిన ప్రేవులు చిల్లిపడి ప్రాణముమీదికి వచ్చుటయు కలదు. మందులున్న యీ కాలమునను ఏటేట లక్షమందికి పైగా దీనివలన మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019వ సంవత్సరపు లెక్కలనుబట్టి చెప్పుచున్నది. వారిలో పిల్లలు పెక్కురు.

ఈ రోగమునకు టీకా కనిపెట్టినది 1896లో. అయినను ఊయలలోని బిడ్డకు పనికివచ్చు టీకా మన దేశమున నూఱేండ్లు దాటిన పిమ్మట గాని రాలేదు. సోదరీమణులారా, ఇంత ఆలస్యమేల జరిగెనో మనము తెలిసికొనదగియున్నది.

జ్వరమునకు మూలమైన క్రిమిని 1880లో జర్మను వైద్యుడు ఎబెర్త్ సూక్ష్మదర్శినిలో చూచెను. 1884లో గాఫ్కీ దానిని వేఱుపఱచి పెంచెను. క్రిమి కంటబడకమునుపే విలియం బడ్ అను ఆంగ్ల వైద్యుడు, పల్లెలలో జ్వరము ఇంటినుండి యింటికి ప్రాకు తీరును గమనించి, రోగి మలముచే చెడిన నీరే దీనికి వాహనమని చెప్పి, 1873లో గ్రంథము ప్రకటించెను. చెడుగాలివలన జ్వరములు పుట్టునని నమ్మిన ఆ కాలపు వైద్యులు పలువురాయన మాట చెవిని బెట్టలేదు. మలమునుండి నీటికి, నీటినుండి నోటికి, దారి యింతియే. నడుమ ఈగయు, కడుగని చేయియు సాయపడును.

ఆ చేయి ఎవరిదో తెలియకపోవుటలోనే చిక్కంతయు నున్నది. అమెరికాలో మేరీ మాలన్ అను వంటకత్తె కథ వినుడు. ఐర్లండునుండి వచ్చిన యీమె న్యూయార్కు ధనికుల యిండ్లలో వండిపెట్టి జీవించుచుండెను. 1906 వేసవిలో ఆయిస్టర్ బే అను తీరగ్రామమున ఆమె వండుచుండిన యింట 11 మందిలో 6గురు టైఫాయిడుతో పడిరి. జార్జి సోపర్ అను పరిశోధకుడు ఆరా తీయగా, ఆమె అంతకుముందు పనిచేసిన యిండ్లలోను పెక్కింట నీ జ్వరమే వచ్చియుండెను. ఆమెకు మాత్రము ఏ జబ్బును లేదు! వేడి వంటకములలో క్రిమి చచ్చును గనుక, ఆమె చల్లగా చేసిపెట్టు పండ్ల ఐస్‌క్రీముద్వారా సోకియుండునని సోపర్ ఊహించెను. 1907లో ఆమెను పట్టి యొక దీవిలో నుంచిరి. పిత్తాశయమున క్రిమి దాగియున్నదని తలచి దానిని కోసి తీసెదమనిరి, ఆమె ఒప్పుకొనలేదు. వంటపని మానెదనని మాట యిచ్చుటచే 1910లో విడిచిరి. బట్టలుతుకు పనిలో కూలి గిట్టక, మాఱుపేరుతో మరల గరిటె పట్టెను. 1915లో ఒక స్త్రీల ఆసుపత్రిలో 25 మందికి జ్వరము వచ్చి యిద్దఱు మరణింపగా, ఆ వంటశాలలో దొరకినది మేరీయే. 1938లో కన్నుమూయువఱకు ఆ దీవియే ఆమెకు గతి. ఆమె యందు దోషము లేదని నేననను. కాని న్యూయార్కులో అట్టి రోగవాహకులు వందలకొలది తెలియవచ్చిన పిమ్మటను, ఇన్నేండ్ల చెఱ ఆ పేదరాలికే దక్కుట న్యాయముగా తోచదు.

రోగవాహకులను వెదకి పట్టుట కంటె తినువారి దేహమునే ముందుగా సిద్ధపఱచుట మేలు గదా! 1896లో ఇంగ్లండున నెట్లీ సైనిక వైద్యవిద్యాలయమున ఆచార్యుడైన ఆల్మ్రోత్ రైట్ ఒకవైపు, జర్మనీలో ఫైఫర్, కొల్లె అనువారు మఱియొకవైపు ఈ పనికి పూనిరి. క్రిములను పెంచి, వేడిచే చంపి, ఆ చచ్చిన క్రిములను సూదితో నెక్కించుట ఆ టీకా విధము. చచ్చిన శత్రువును చూచి గుర్తుంచుకొన్న దేహము, బ్రతికిన శత్రువు వచ్చినప్పుడు ఏమఱియుండదు. (ఈ రైటు మహాశయుడే 1913లో స్త్రీలకు వోటు హక్కు కూడదని పుస్తకము వ్రాసెను. క్రిముల విషయమున చూపిన సూక్ష్మదృష్టి మన విషయమున ఆయనకు కొఱవడినది.)

1898లో ప్లేగు విచారణ సంఘముతో మన దేశమునకు వచ్చిన రైటు, ఇచటి ఆంగ్ల సైనికులకు వేలకొలదిగా ఈ టీకా వేసెను. 1899లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధము వచ్చినప్పుడు ఇష్టపడినవారికే వేసిరి. 3 లక్షలకు మించిన సేనలో సుమారు 14,000 మంది మాత్రమే చేయి చాచిరి. 50,000 మందికి పైగా జ్వరమున పడిరి. 8,000 మందికి పైగా మరణించిరి. సాక్ష్యము చాలదని గణితజ్ఞుడు కార్ల్ పియర్సన్ 1904లో టీకాను శంకించెను. ఆ శంక మంచికే వచ్చినది. తరువాత లీష్మన్ అను సైనిక వైద్యుడు, టీకా వేయించుకొన్నవారిని, కొననివారిని వేఱువేఱుగా లెక్కించి దాని గుణమును స్థిరపఱచెను. 1914 నాటి మహాయుద్ధమున బ్రిటిషు సైనికులలో అత్యధికులు దీనిని వేయించుకొనిరి.

సైనికునకు సరిపోయినది శిశువునకు సరిపోలేదు. ఆ పాత టీకాతో చేయి వాచి, జ్వరము వచ్చి, మంచము పట్టవలసివచ్చెడిది. పైగా పసివాండ్రకు టైఫాయిడు అంతగా రాదని వైద్యులే చిరకాలము నమ్మియుండిరి. 1995-96లో ఢిల్లీ నగరపు కల్కాజీ మురికివాడలో ఇంటింటికి తిరిగి, జ్వరము వచ్చినవారి రక్తము పరీక్షింపగా ఆ నమ్మకము తలక్రిందులయ్యెను. అయిదేండ్ల లోపువారిలో ఏటికి వేయింటికి 27 మందికి ఈ జ్వరము! 19 ఏండ్లు దాటినవారిలో వేయింటికి ఒక్కరే. పండ్లు వచ్చుటవలననియు, దిష్టి తగిలెననియు మనము సరిపెట్టుకొన్న జ్వరములలో ఎన్ని టైఫాయిడులో!

ఈ క్రిమి తనచుట్టు ఒక చక్కెర కవచము తొడిగికొనియుండును. 1934లో ఫెలిక్స్, పిట్ అనువారు దీనిని గుర్తించి 'వి' అని పేరిడిరి. ఆ కవచమును మాత్రమే ఒలిచి టీకా చేసినచో బాధ అంతగా నుండదని అమెరికాలో జాన్ రాబిన్స్ మున్నగువారు 1980 తరువాత చూపిరి. కాని రెండేండ్ల లోపు బిడ్డ దేహమునకు ఉత్త చక్కెరను శత్రువుగా గుర్తించు నేర్పు లేదు. మ్రింగెడు టీకా యొకటి కలదు గాని, ఆ గొట్టపు మాత్రలను పసిబిడ్డ మ్రింగజాలదు. తుదకు దొరకిన ఉపాయము మన యింటి వైద్యమునందలి అనుపానము వంటిది. తేనెతో మందు నాకించినట్లు, ఆ చక్కెరను ధనుర్వాతపు టీకాలోని మాంసకృత్తుతో జతపఱచిరి. మాంసకృత్తును బిడ్డ దేహము ఇట్టే పట్టుకొనును. దానినంటియున్న చక్కెరను గూడ జ్ఞాపకముంచుకొనును. ఇచట వింత యేమనగా, మందే చక్కెర!

హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసిన ఇట్టి టీకాకు 2013లో మన దేశమున అనుమతి లభించెను. 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించెను. 2020లో ఆమోదము పొందిన రెండవదియు ఆ నగరమునందలి బయోలాజికల్ ఇ వారిదే. నేపాలున లలిత్‌పూరులో 20,000 మంది పిల్లలతో పరీక్షింపగా మొదటి టీకా నూటికి సుమారు 80 వంతుల రక్షణ నిచ్చెను. ఆఫ్రికాలో మలావీ దేశమునను అంతియే ఫలము.

మఱియొక హైదరాబాదు, పాకిస్తానున సింధు రాష్ట్రము లోనిది, 2016 చివర లోకమును భయపెట్టెను. అచట వ్యాపించిన టైఫాయిడునకు వాడుక మందులు పెక్కు పనిచేయలేదు; నోటి మందులలో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలెను. 1948లో క్లోరాంఫెనికాల్ వచ్చినప్పుడు ఈ జ్వరమునకు భయపడ పనిలేదనుకొన్నవారెందఱో! మాత్రలను వైద్యు నడుగక దుకాణమున కొనుటయు, జ్వరము దిగగానే నడుమ మానుటయు ఇట్టి క్రిములకు పాలు పోయుటయే. 2019 నవంబరులో పాకిస్తాను ఈ క్రొత్త టీకాను బిడ్డల నిత్యపు టీకాలలో చేర్చెను. అట్లు చేసిన మొదటి దేశమది.

ఆఱు నెలలు నిండిన బిడ్డ మొదలు ఒక్క మోతాదుగా దీనిని వేయుదురు. నూటికి నూఱు పాళ్లు రక్షణ కాదు గనుక నీరు కాచుట మానరాదు. దీనికి దాయాదియైన పారాటైఫాయిడును ఇది ఆపదు. ఇంటిలో జ్వరము నాలుగైదు దినములు విడువకున్నచో, విడాల్ పరీక్ష యొక్కదానినే నమ్మవలదు. అది పలుమాఱు పొరపడును. మందు మొదలిడకమునుపే, రక్తమునందలి క్రిమిని పెంచి చూచు పరీక్ష చేయింపుడని వైద్యు నడుగుడు.