గణన ఉత్ప్రేరణ

నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీయడం పాత విద్యే. చిక్కంతా ఖర్చుతోనే. కరెంటుకు తోడు, కొన్ని రకాల ఎలక్ట్రోలైజర్లలో చర్యను వేగిరపరిచే ఉత్ప్రేరకాలు ప్లాటినం, ఇరిడియం బాగా ఖరీదు. వాటికి చవకైన బదులును ముందుగా కంప్యూటర్లో వెదకడం గణన ఉత్ప్రేరణ (కంప్యూటేషనల్ కెటాలిసిస్) చేసే పనుల్లో ఒకటి.

ఉత్ప్రేరకం పరమాణువును మరీ గట్టిగా పట్టుకుంటే వదలదు; వదులుగా పట్టుకుంటే చర్యే సాగదు. ఆ పట్టు ఎంతో లెక్కగట్టే సాధనం డెన్సిటీ ఫంక్షనల్ సిద్ధాంతం. దానికి గాను వాల్టర్ కోన్ 1998 రసాయన నోబెల్‌ను పంచుకున్నారు. లెక్క ప్రయోగానికి బదులు కాదు, వడపోత మాత్రమే.

కేంద్రం 2023 జనవరిలో 19,744 కోట్లతో గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. ఈ రంగంలో పరిశోధన చేయాలనుకుంటే, నల్లగొండ మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల్లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివేవారికి పీహెచ్‌డీకి ఒక దారి సీఎస్‌ఐఆర్‌-యూజీసీ నెట్ పరీక్ష. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే తొలి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపై 42,000; ఇంటద్దె అదనం. పెద్ద లెక్కలకు ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవా సూపర్ కంప్యూటర్ ఉంది. అందాకా ఆగనక్కర్లేదు: ఈ లెక్కలు చేసే క్వాంటమ్ ఎస్ప్రెస్సో ఉచిత సాఫ్ట్‌వేర్. చిన్న లెక్కలకు మామూలు ల్యాప్‌టాప్ చాలు, కాస్త లినక్స్ వస్తే.